నిలబడ్డ నీళ్ళు

మంగతాయి ఇంట్ల ఇరవై రెండు చెట్లున్నయి గని పిడికెడు మట్టి లేదు. అన్నీ నీళ్ళల్లనే పెరుగుతున్నయి. తొక్కు సీసాలు, జామ్ సీసాలు, దగ్గుమందు సీసాలు, కొడుకు సుకుమార్ ఆవర్‌పూర్ సిమెంటు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడల్లా తాగి పారేసే కూల్‌డ్రింక్ సీసాలు, ఏదీ ఇడిచిపెట్టదు. కడిగి కిటికీ అంచుకు వరుసగ పెట్టి, ఒక్కొక్కదాంట్ల ఒక్కో కొమ్మ నిలబెడ్తది. మనీప్లాంటు, తమలపాకు తీగె, పుదీన, పేరు తెలువని రంగుల ఆకులది ఒకటి. సీసల అయితే కొమ్మకు ఏరు దిగేది కండ్లకు కనవడ్తది, మట్టిల పెడితే లోపల ఏమైతున్నదో ఎవలకెరుక అంటది.

షోకుకు పట్టిన పని కాదిది. ఆమె పెనిమిటి సిలువయ్య ముప్పై రెండేండ్లు బొగ్గుబాయిల పంపు ఖలాసి. రిటైరయినంక క్వార్టర్ కంపెనీకి అప్పజెప్పి, చంద్రాపూర్‌ల బాబుపేఠ్ దిక్కు ఈ రెండో అంతస్తు కిరాయి ఇంటికి వచ్చిన్రు. వచ్చేటప్పుడు పూలకుండీలు గూడ మోసుకొచ్చింది పాపం. ఆయన దగ్గు ఎక్కువైతే డాక్టరు ఎక్స్‌రే చూసి, ఈయన ఊపిరితిత్తులల్ల ఉన్న దుమ్మే చాలు, ఇంట్ల తడిమట్టి పెట్టొద్దు, బూజు లేసి మనిషిని తింటది అన్నడు. మట్టి తీసెయ్యమన్నడు గని చెట్లు తీసెయ్యమనలేదు గద అని మంగతాయి కుండీలన్ని పంచిపెట్టి సీసాలు పట్టుకున్నది. మొండి మనిషి. ఆ మొండితనమే లేకపోతే ఆ సంసారం ఎన్నడో అడుగంటేది.

అయితే ఇంట్ల నీళ్ళు నిలబెట్టుడు, సిలువయ్యకు కండ్లల్ల కారం కొట్టినట్టు. నీళ్ళు ఎక్కడ నిలబడి కనిపించినా తోడిపోస్తడు. తాగడానికి పెట్టిన గిలాసను కిటికీల నుంచి పారబోస్తడు. బకెట్ నింపి పెడితే మోరీల ఒంపుతడు. పోయిన ఎండకాలం, చంద్రాపూర్ ఎండ అంటే మీకు చెప్పాల్నా, నలభై ఆరు డిగ్రీలల్ల కూలర్ బిరడా పీకి నీళ్ళన్ని వదిలిపెట్టిండు. మోటారు మాడిపోయి, మొగుడు పెండ్లాలు మూడు రోజులు ఉడికిపోయిన్రు.

మతిమరుపు మొదలై మూడేండ్లాయె. పొద్దున తిన్నది పగటికి యాదుండది. కొడుకును చూసి నీ షిఫ్టు అయిపోయిందా అని అడుగుతడు. పంపు సంగతి మాత్రం మరువలేదు. బాయి లోపల గోడలపొంటి రాత్రింబగళ్ళు నీళ్ళు ఊరుతయట. ఊరిన నీళ్ళన్ని ఒక గుంతల చేరితే, ఖలాసి దాన్ని చూసుకుంట కూసోని పైకి తోలాలె. ఒక్క షిఫ్టు కండ్లు మూసిండంటే కింద పనిచేసేటోళ్ళు మునుగుతరు. ముప్పై రెండేండ్లు గదే పని చేసినోడికి నీళ్ళు చూస్తే చెయ్యి ఊకుంటదా అని అందరు అనుకున్నరు. "బాపు ఇంక డ్యూటీ దిగలేదమ్మా" అని సుకుమార్ నవ్వేటోడు. మంగతాయి గూడ నవ్వి సీసాలు మళ్ళ నింపుకునేది.

నవ్వలేని రోజులు ఈ ఏడు వచ్చినయి.

వాళ్ళున్న పాత కాలనీ ఎనుక బొందలగడ్డ ఒకటుండె. బాయి పుట్టినప్పటి సంది తెలుగు క్రైస్తవులను బొందపెట్టుడంతా అండ్లనే. ఇప్పుడు కంపెనీ ఓపెన్‌కాస్టు బాయి పెంచుకుంట పెంచుకుంట దానిదాక వచ్చింది. రాళ్ళు కట్టిన సమాధులను తవ్వి కొత్త జాగకు మారుస్తమన్నరు. రాళ్ళు లేనివి లెక్కల రాలేదు. చర్చి అయ్యగారు ఆఫీసుల సుట్టు తిరిగి తిరిగి, రాయి లేనోళ్ళకు గూడ తలా ఒక జాగ, పేరు చెక్కిన చిన్న పలక ఇప్పించిండు. పాత గడ్డ నుంచి ఏదన్న గుర్తు తెచ్చుకొని అండ్ల పెట్టుకోండ్రని చెప్పిండు.

మంగతాయి బిడ్డ ఆ గడ్డల ఉన్నది. పేరు రేష్మ. అయిదేండ్ల పిల్ల. వానకాలంల జరమొచ్చి నెత్తికెక్కి మూడు రోజులల్ల పోయింది. అప్పటికి సుకుమార్ పుట్టి పదకొండు రోజులు. బైబిల్ చదివితే మాత్రం, బాలెంతను వానల బొందలగడ్డకు ఎవరు పోనిస్తరు? ముసలోళ్ళు తలుపుకు అడ్డం కూసున్నరు. సిలువయ్య, ఆయన తోటి ఖలాసి గట్టయ్య, ఇంక ఇద్దరు మొగోళ్ళు పోయి పెట్టొచ్చిన్రు. సిలువయ్య రొమ్ముదాక బురద కొట్టుకొని వచ్చిండు. ఎట్ల పడుకోబెట్టినవని మంగతాయి అడిగితే, "మన్ను మంచిగుండె మంగా, పొడి జాగ చూసి పెట్టినం" అన్నడు. గా మాట పట్టుకొనే ఆమె ముప్పై ఒక్క ఏండ్లు బతికింది. ఏడ్చినప్పుడల్లా ఆ మాటనే తలుసుకొని కండ్లు తుడుచుకునేది.

రెండు నెలలకు లేచి తిరిగినంక, పాప తలకాడ తెల్ల బిళ్ళగన్నేరు నాటింది. నడుమ ఎర్ర సుక్క ఉండే రకం. కర్ర సిలువను చెదలు తిన్నయి. చెట్టు మాత్రం దాని గింజలకు అదే మొలుసుకుంట, పూసుకుంట ఉండిపోయింది. ఈ మార్చి నెలల ఆఖరుసారి చూసుకోండ్రని పిలిస్తే, సిలువయ్యను ఆటోల ఎక్కించుకొని పోయింది. ఏది జాగ అని అడిగితే ఆయన దిక్కులు చూసిండు. చుట్టూ గులాబీరంగు గన్నేర్లు కమ్ముకొని ఉన్నయి. ఎర్ర సుక్క తెల్లది ఒక్కటే, ఒక్కటంటే ఒక్కటి, మూలకు నిలబడి ఉండె. అందరు పిడికెడు మన్ను మూట కట్టుకుంటున్నరు. మంగతాయి మూడు కొమ్మలు తుంచుకున్నది. మన్ను ఎవరి మీదిదో ఎవరికి తెలుసు, పువ్వు మాత్రం నా చేతితోని పెట్టిందే అన్నది. పది రోజులకు ఆ జాగ మీద మిషన్లు నడిచినయి. ఇప్పుడక్కడ పెద్ద లోయ, అంతే.

మూడు కొమ్మలల్ల రెండు కుళ్ళిపోయినయి. మిగిలినదానికి పందొమ్మిదో రోజు తెల్లగ, దారపు పోగంత ఏరు దిగింది. ఆ పొద్దు మంగతాయి సీసను ఎండకు అడ్డం పట్టి చూసి, ఒక్కతే వంటింట్ల కూసోని ఏడ్చింది. ఎదురింటి భాగ్యలక్ష్మి వచ్చి, బొందలగడ్డ పువ్వును ఇంట్ల పెట్టుకుంటరా అక్కా అని ముక్కు మీద వేలేసుకున్నది. పెట్టుకుంట, నా బిడ్డ పువ్వు అన్నది మంగతాయి. భాగ్యలక్ష్మి మళ్ళ ఆ మాట ఎత్తలేదు. తెల్లారి ఇంత పెద్ద గాజు సీస కడిగి తెచ్చిచ్చింది.

అయ్యగారు జూన్ మొదటి ఆదివారం ఖాయం చేసిండు. మృగం కార్తె వాన పడ్డదంటే ఆ రేగడి తోవల ఆటో గాదు గదా మనిషి కాలు గూడ ముందటికి పడది, అందుకని వానకు ముందే ప్రార్థన పెట్టుకుందమన్నడు. ఎవరి జాగల వాళ్ళు తలకాడ ఒక చెట్టు నాటాలె. నీళ్ళకు ట్యాంకరు మాట్లాడిన్రు. అప్పటిదాక ఈ ఒక్క కొమ్మను కాపాడుకునుడు మంగతాయి పని. చూడబోతే జానెడు కొమ్మ. గని ఇది పోతే మళ్ళ తెచ్చుకునే జాగ భూమ్మీద లేదు.

కాపాడాల్సింది కూడ ఎవలి నుంచి? కట్టుకున్నోని నుంచే. కిటికీల పెడితే ఒంపుతడని బీరువ మీద పెట్టింది. స్టూల్ ఎక్కబోయి పడబోయిండు. బియ్యం డబ్బ ఎనుక దాసింది, ఎట్ల పసిగట్టిండో గాని అక్కడికీ పోయిండు. రెండుసార్లు నీళ్ళు పారబోసి కొమ్మను బండ మీద పెడితే, అప్పటికప్పుడు చూసుకొని మళ్ళ నింపింది. ఆఖరుకు బాత్‌రూంల పై కిటికీల, సబ్బుపొడి డబ్బాల నడుమ పెట్టి గుడ్డ కప్పింది. రోజుకు పదిసార్లు పోయి చూసొచ్చేది. ఏర్లు గుబురుగ పెరిగినయి, కొనకు మొగ్గ గూడ వచ్చింది. శనివారం పొద్దుగాల ఆ మొగ్గ విచ్చుకున్నది. తెల్ల పువ్వు, నడుమ ఎర్ర సుక్క. మంగతాయి సిలువయ్యకు చూపించాలనుకొని, అంతలనే భయపడి ఊకున్నది.

ఆ శనివారమే అయ్యగారు అందరిని వచ్చి ఎవరి జాగ ఏదో చూసుకొని పొమ్మన్నడు. రెండు గంటల పని. సిలువయ్యకు అన్నం తినిపించి, పండబెట్టి, కొంచెం చూస్తుండమని భాగ్యలక్ష్మికి చెప్పి పోయింది. కొత్త జాగ ఊరి బయట, తీగె కంచె, ఒక్క చెట్టు నీడ లేదు. పద్నాలుగో నెంబర్ పలక మీద రేష్మ అని చెక్కి ఉన్నది. మంగతాయి అక్షరాల మీద వేలు పెట్టి రాసుకుంట శానసేపు కూసున్నది. రేపు పొద్దుగాల ఇక్కడ పువ్వుంటదని కడుపుల కొంచెం చల్లగయింది.

ఇంటికొస్తే మెట్ల మీదికెల్లి నీళ్ళు కారుతున్నయి.

పైకి ఎట్ల ఎక్కిందో ఆమెకే తెలువదు. భాగ్యలక్ష్మి మేడ మీద అప్పడాలు ఎండబెట్టబోయి అక్కడనే చిక్కిందట. ఇంట్ల కూలర్ వట్టిగున్నది, బకెట్లు బోర్లేసి ఉన్నయి. ఇరవై రెండు సీసాలు తలుపు పక్కన వరుసగ బోర్లపెట్టి ఉన్నయి, పంపు షెడ్డుల సామాను సర్దినట్టు. కొమ్మలన్ని పేపర్ మీద ఆరేసి ఉన్నయి. ఆ వరుసల చివర భాగ్యలక్ష్మి ఇచ్చిన పెద్ద గాజు సీస గూడ ఉన్నది. పేపర్ మీద తెల్ల పువ్వు లేదు.

మోరీల చెయ్యి పెట్టి దేవింది. చెత్తడబ్బ కుమ్మరించింది. కిటికీల నుంచి కిందికి చూసింది. సిలువయ్య మంచం మీద కూసోని చేతులు తుడుచుకుంట ఉన్నడు, పని ముగిసిన మనిషి లెక్క. ఆయన్ని చూసేసరికి మంగతాయికి మూడేండ్ల కోపం, ముప్పై ఏండ్ల దుఃఖం ఒక్కసారి తన్నుకొచ్చినయి. పెండ్లయిన సంది అనని మాట అన్నది.

"నా బిడ్డను రెండోసారి సంపినవ్ గదయ్యా."

సిలువయ్య తల ఎత్తిండు. కోప్పడలేదు. పక్కకు జరిగి మెత్త మీద కప్పిన దుప్పటి తీసిండు. దాని కింద ఆయన తెల్ల తువ్వాల, నాలుగు మడతలు పెట్టి ఉన్నది. ఒక్కో మడత ఇప్పిండు. లోపల బిళ్ళగన్నేరు కొమ్మ. ఏర్లకు నీటిసుక్క లేకుంట అద్ది తుడిచిండు. నీళ్ళు లేక ఆకులు వాడిపోయినయి, పువ్వు ముడుసుకున్నది.

"ఇగో, ఏడ్వకు," అన్నడు. "నీళ్ళన్ని తోడేసిన. ఇప్పుడు పాప పొడిగ పడుకున్నది."

పాప నీళ్ళల్ల ఎందుకుంటదయ్యా, పొడి జాగల పెట్టినమని నువ్వే చెప్తివి గద అన్నది మంగతాయి. సిలువయ్య ఆమె మొహం చూసుకుంట, అది నిన్న జరిగినట్టు చెప్పవట్టిండు. అన్నం తిన్న సంగతి యాదికుండని మనిషికి అదంత యాదికున్నది. మూడు రోజుల వాన. నల్లరేగడి. తవ్విన కొద్దీ కిందికెల్లి నీళ్ళు ఊరుతున్నయి. తట్టతోని గట్టయ్య, డబ్బతోని తను తోడిన్రు. తోడిన కొద్దీ ఊరినయి. బాయిల వడ్రంగి మేస్త్రి పాత పలకలతోని చేసిచ్చిన పెట్టె ఉండె. దించితే పైకి తేలింది. మళ్ళ దించిన్రు, మళ్ళ తేలింది. చీకటి పడబట్టె, వాన ఆగదాయె.

"బాయినిండ నీళ్ళు తోడేటోన్ని మంగా. పిల్లను పెట్టే జానెడు గుంత తోడలేకపోయిన," అన్నడు. "నేనే పెట్టె మీద నిలబడ్డ. నేను నిలబడితే గట్టయ్య మన్ను పోసిండు."

అంత చెప్పి దుప్పటి మడత పెట్టిండు. ఆకలైతున్నదన్నడు.

మంగతాయి ఆయనకు పళ్ళెంల అన్నం పెట్టిచ్చింది. మతి లేని మాటలేమోనని, అదే ఆఖరు ఆశ, వరోరల బిడ్డ దగ్గర ఉంటున్న గట్టయ్యకు ఫోను కొట్టింది. సంగతి అడిగింది. గట్టయ్య, వదినె, చెప్పొద్దని నాతోని ఒట్టు పెట్టించుకున్నడు, బాలెంతవు, పాలు ఇగిరిపోతయన్నడు అని చెప్పిండు. ఇంకేమన్న అడిగితే ఆ ముసలోడు ఏడ్చేటట్టున్నడు. ఆమె ఫోను పెట్టేసింది.

అప్పుడు ఒక్కొక్కటి యాదికి రాబట్టినయి. గట్టయ్య గూడ ఖలాసే, గని వాళ్ళింట్ల నీళ్ళ గోళెం ఎప్పుడు నిండుగనే ఉండేది. తమ ఇంట్ల మాత్రం ఆ వానకాలం తర్వాతనే సిలువయ్య వాకిట్ల తొట్టి బోర్లేసిండు. దోమలయితయన్నడు. వాన పడ్డ రాత్రి పక్క మీద ఉండేటోడు కాదు, డ్యూటీ ఉన్నా లేకున్నా బాయికి పోయేటోడు. ఎక్కడికి పోతున్నవని ఆమె తిట్టేది గూడ. మొన్న మొన్నటిదాక పంపు పిచ్చి అని కొడుకుతోని కలిసి నవ్వింది. ఆ నవ్వు యాదికొచ్చి తన మూతి మీద తనే కొట్టుకున్నది.

పొద్దు ఇంక ఉన్నది. కొమ్మ మాత్రం పూర్తిగ పోలేదు. ఇన్నేండ్లు చెట్లు పెంచిన చెయ్యి, ఆమెకు తెలుసు. ఏర్లకాడ ఇంక పచ్చిగనే ఉన్నది, ఇప్పుడు నీళ్ళల్ల పెడితే తెల్లారేసరికి ఆకులు లేస్తయి. గబగబ పెద్ద సీస కడిగి, మూతేసిన కుండల నీళ్ళు నింపింది. కొమ్మను చేతులకు తీసుకున్నది.

సిలువయ్య ఆ సీసనే చూస్తున్నడు. తినే బుక్క నోట్లకు పోకుంట చేతులనే ఆగింది.

"మళ్ళ నీళ్ళల్లనా?" అన్నడు.

అంతే అన్నడు, లేచి గుంజుకోలేదు. గుంజుకుంటే అయినా అయిపోయేది. మంగతాయి సీస మూతికాడ కొమ్మ పట్టుకొని ఎంతసేపు నిలబడ్డదో. వెనుకటి లెక్క దాసిపెట్టొచ్చు, ఆయన పండుకున్నంక ముంచొచ్చు, ఒక్క రాత్రే గద. అన్ని అనుకున్నది. ఆఖరుకు సీసల నీళ్ళు మోరీల ఒంపి, కొమ్మను తువ్వాల మీద పండబెట్టి, ఆయన పెట్టినట్టే నాలుగు మడతలు పెట్టింది. ఆయన అన్నం తిన్నడు. ఆమె తినలేదు.

తెల్లారేసరికి కొమ్మ కాడదాక నల్లబడ్డది.

ఆదివారం కొత్త జాగల జనం బాగనే వచ్చిన్రు. ఆవర్‌పూర్ నుంచి సుకుమార్ రావాల్సింది, డ్యూటీ మార్చలేదట. పాట పాడిన్రు, అయ్యగారు వాక్యం చదివిండు. ఎవరి జాగల వాళ్ళు మందారమో, నందివర్ధనమో నాటుకున్నరు. మంగతాయి పద్నాలుగో నెంబర్‌కాడ కూసోని చిన్న గుంత తీసింది. ఎండకు పగిలిన మన్ను, జానెడు లోతుకు గూడ తడి లేదు. సిలువయ్య చెయ్యి పట్టుకొని ఆ గుంతల పెట్టించి, చూడు అన్నది. ఆయన అడుగు తడిమిండు, పక్కలు తడిమిండు, చెయ్యి పైకి తీసి అరచెయ్యి చూసుకున్నడు. దుమ్ము తప్ప ఏం లేదు.

"మన్ను మంచిగున్నది మంగా," అన్నడు.

"అవునయ్యా," అన్నది. తువ్వాలతోని సహా కొమ్మను దించి, ఇద్దరు కలిసి మన్ను పోసిన్రు.

ట్యాంకరు నీళ్ళు బకెట్లల్ల పంచుకుంట అయ్యగారు ఇటు దిక్కు వచ్చిండు. అందరి చెట్లకు పోసిన్రు, మంగమ్మా నువ్వు గూడ పొయ్యి అని చెంబు ఇయ్యబోయిండు. మంగతాయి చెంబుకు చెయ్యి అడ్డం పెట్టింది. ఇక్కడ నీళ్ళు వద్దు అయ్యగారు అన్నది. నీళ్ళు లేకుంటే ఎట్ల బతుకుతదమ్మా అన్నడాయన. ఎన్నడు లేనిది సిలువయ్య ఆ బకెట్ల దిక్కే చూడకుంట, పలక మీద దుమ్మును మెల్లగ తుడుసుకుంట కూసున్నడు.

తిరిగి వచ్చేటప్పుడు పడమర దిక్కు మబ్బు పట్టింది. మృగం రెండు రోజులుందనంగనే చల్లగాలి మొదలయింది. రేగడిల వాన పడితే నీళ్ళు ఎట్ల నిలబడ్తయో ఆమెకు ఎవరు చెప్పనక్కరలేదు. ఆటోల ఆయన్ను ఇవతలి పక్కకు కూసోబెట్టి, తను మబ్బుకు అడ్డంగ అవతలి పక్కకు కూసున్నది.